పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్: నియమాలను పట్టికకే అప్పగించవచ్చు

1970లో ఎడ్గర్ కాడ్ ప్రతిపాదించిన, సమాచారాన్ని పట్టికలుగా అమర్చే రిలేషనల్ నమూనాను నమ్మి పట్టికలు రూపొందించేవారికి పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ నిజమైన అండ. ఒకే గదిని ఒకే సమయానికి ఇద్దరికి కేటాయించకుండా చూసే బాధ్యతను ప్రోగ్రాముకు వదిలేస్తే, రెండు అభ్యర్థనలు ఒక్కసారే వచ్చినప్పుడు తనిఖీ తప్పిపోవచ్చు, 2010లో 9.0 వెర్షన్‌తో వచ్చిన ఎక్స్‌క్లూజన్ కన్‌స్ట్రెయింట్ ఆ నియమాన్ని పట్టికలోనే నిలిపి, అప్పటికే ఉన్న కేటాయింపుతో సమయం కలిసిపోయే వరుసను చేరనివ్వదు. నాకు అన్నిటికన్నా నచ్చినది ఇదే. లోపాలూ ఉన్నాయి. ఫారిన్ కీ (ఒక పట్టిక వరుసను మరో పట్టిక వరుసకు ముడివేసే నియమం) ప్రకటించినంత మాత్రాన ఆ కాలమ్‌కు ఇండెక్స్ (త్వరగా వెతికేందుకు తోడ్పడే సూచిక) ఏర్పడదు కనుక, మాతృ పట్టికలో వరుసను తొలగించిన ప్రతిసారీ అనుబంధ పట్టిక మొత్తాన్ని వెతకవలసి రావచ్చు. పెద్ద పట్టికలలో ఈ జాప్యం చిన్నది కాదు. ఒకే విలువ రెండుసార్లు రాకూడదనే యూనిక్ నియమం ఉన్నా నల్ (విలువ లేదని తెలిపే ఖాళీ) విలువలు ఎన్నైనా చేరడం కొత్తవారిని తికమకపెడుతుంది. 15వ వెర్షన్ నుంచి దానిని ఆపే వీలు కలిగింది.