చెన్నైలో కత్తి నేర్పుతామంటే 2,200 కట్టాం

ముందు డబ్బు సంగతే చెప్తాను. ఒక్క పూట శిక్షణకి మా పాపకి 1,800, పక్కన కూర్చుని చూడ్డానికి నాకూ తమ్ముడికీ తలా 200. జపాన్ కెండో, యూరప్ ఫెన్సింగ్, కేరళ ఉరుమి, మూడు రకాల కత్తిసామూ ఒక్కచోటే నేర్పుతామని ఇన్‌స్టాలో ప్రకటన వేశారు. పాపకి పదమూడేళ్లు. భవానీ దేవి 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో మొదటి బౌట్ (పోటీ) 15-3తో గెలిచిన వీడియో ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. ఒలింపిక్స్ ఫెన్సింగ్‌లో ఆడిన తొలి భారతీయ క్రీడాకారిణి ఆవిడే, చెన్నై అమ్మాయి. నెల్లూరులో నేర్పేవాళ్లు మాకు దొరకలేదు. అందుకే శుక్రవారం పినాకిని రైలెక్కాం. ప్రయాణం హాయిగా సాగింది. ఎగ్మోర్‌లో లాడ్జి రాత్రికి 1,450. గది శుభ్రంగా ఉంది, వేడినీళ్లు వచ్చాయి.

శనివారం పదింటికి ఒక ఫంక్షన్ హాలు మేడ మీదికి వెళ్లాం. నలభై మంది పిల్లలు, నేర్పేవాళ్లు ఇద్దరు. మొదటి ముప్పావుగంటా జపాన్ బట్టలు తొడిగి ఫొటోలు తీయడంతోనే సరిపోయింది. ఫొటో కావాలంటే ఇంకో 300. ఆ తర్వాత పిల్లల చేతికి షినాయ్‌లు ఇచ్చారు. షినాయ్ అంటే కెండోలో వాడే వెదురు కత్తి. నాలుగు వెదురు బద్దలు కలిపి, కొసకీ పిడికీ తోలు తొడిగి, వీపు వైపు తాడు లాగి బిగిస్తారు. పాప చేతిలోది తీసుకుని వేలితో తడిమి చూశాను. ఒక బద్ద జానెడు పొడవున చీలిపోయి ఉంది, పేడు లేచి వేలికి గుచ్చుకుంది. కెండో చేసేవాళ్లు రోజూ సాధనకి ముందు బద్దలన్నీ చూసుకుంటారు. ఎందుకంటే అలా లేచిన పేడు ముఖానికి కట్టుకునే 'మెన్' కడ్డీల సందులోంచి కూడా కంట్లోకి పోగలదు. ఇక్కడ అసలు మెనే లేదు. ఒట్టి ముఖాలతో పిల్లల్ని ఎదురెదురుగా నిలబెట్టి నెత్తిమీద కొట్టుకోమన్నారు. నేను లేచి వెళ్లి పాపని ఇవతలికి లాగేశాను. "వెదురే కదా మేడమ్, ఏం కాదు" అన్నాడు నేర్పేవాళ్లలో ఒకడు. ఆ మాటకి ఇప్పటికీ నా ఒళ్లు మండుతూనే ఉంది.

ఉరుమి అని చూపించింది ఒక రేకు ముక్క. అసలు ఉరుమి నడుముకి చుట్టుకునేంత మెత్తగా వంగే పొడవాటి కత్తి, తిప్పడం రాకపోతే తిప్పేవాళ్లనే కోసేస్తుంది. ఉరుమి కేరళ యుద్ధవిద్య కలరిపయట్టులోది. అందులో ముందు ఒంటిని వంచే సాధన మెయ్‌తారి, తర్వాత కర్రలతో కోల్‌తారి, అవి దాటాకే ఇనుము పట్టే అంకతారి. ఉరుమి వంతు ఆ చివర్లో వస్తుంది. ఏళ్ల తరబడి సాధన చేస్తే వచ్చేదాన్ని పది నిమిషాల్లో ముగించారు. ఇక ఫెన్సింగ్ అడిగితే ఆ మాస్టరు రాలేదన్నారు.

"గొడవెందుకక్కా, పోదాం పద" అంటున్న మా తమ్ముడే, ఫొటోకి 300 అడిగేసరికి అందరికన్నా గట్టిగా అరిచాడు. డబ్బు వెనక్కివ్వమంటే ఇవ్వలేదు. పాప ఆటోలో ఒక్కమాట మాట్లాడలేదు. ఎగ్మోర్‌లో మెస్ భోజనం 130. వత్తకుళంబు బ్రహ్మాండంగా ఉందని తమ్ముడు మూడుసార్లు వేయించుకున్నాడు. పాప మాత్రం పెరుగన్నం కూడా సగం వదిలేసింది.

అదే బల్ల దగ్గర కూర్చున్న ఒకావిడ పాప ముఖం చూసి ఏమైందని అడిగింది. వాళ్లమ్మాయి ఫెన్సింగ్ నేర్చుకుంటోందట. అక్కడికక్కడే కోచ్‌కి ఫోన్ చేసి మాట్లాడింది. ఆవిడ పేరు అడగడం మర్చిపోయాను, కానీ మా ప్రయాణం నిలబెట్టింది ఆవిడే.

ఆదివారం పొద్దున ఆరున్నరకి ఆ కోచ్ దగ్గరికి వెళ్లాం. ఒక క్లాసు చేసి చూడ్డానికి 400, ఆటో 160. కోచ్ పాతికేళ్ల అమ్మాయి. ముప్పావుగంట దాకా పాప చేతికి కత్తే ఇవ్వలేదు. నేలమీద సుద్దముక్కతో గీత గీసింది. ముందు పాదం గీత మీద నేరుగా, వెనక పాదం దానికి అడ్డంగా, మోకాళ్లు వంచి నిలబడమంది. ముందుకెళ్లేటప్పుడు ముందు పాదం, వెనక్కొచ్చేటప్పుడు వెనక పాదం ముందు కదలాలి, కాళ్లు ఒకదాన్నొకటి దాటకూడదు. చూస్తుంటే మా తాత గుర్తొచ్చాడు. ఆయనకి కత్తిసాము వచ్చు. మా మేనమామకి నేర్పేటప్పుడు వాకిట్లో ముగ్గుపిండితో ఇలాగే గీత గీసి, అడుగు కుదిరేదాకా కర్ర కూడా ముట్టుకోనిచ్చేవాడు కాదు.

చివరి పావుగంటలో జాకెట్టు, మాస్కు కట్టి సేబర్ ఇచ్చింది, ఫెన్సింగ్‌లో వాడే ఒక రకం కత్తి. అరకేజీ కూడా బరువుండదు. నడుము పైభాగం, తల, చేతులు మాత్రమే లక్ష్యం. కొసతో పొడవచ్చు, అంచుతో కొట్టొచ్చు. పాప కోచ్ మాస్కు మీద మూడు దెబ్బలు వేసింది. మూడోది టంగుమని మోగగానే మాస్కు తీసి నావైపు చూసిన చూపు కోసం ఎన్నిసార్లయినా చెన్నై రావచ్చు.

తర్వాత ఎగ్మోర్ మ్యూజియం. శుక్రవారం దానికి సెలవు, వచ్చిన రోజే చూసేద్దామనుకోకండి. చాలామంది మన అమరావతి శిల్పాలు చూసి వెనక్కొచ్చేస్తారు. ఆయుధాల గది తప్పకుండా చూడండి. తంజావూరు ఆయుధాగారం నుంచి తెచ్చిన కటారులు ఉన్నాయి. పిడి అడ్డంగా ఉంటుంది, పిడికిలి బిగించి గుద్దినట్టు పొడవాలి. కొన్నింటికి చేతి వెనకభాగాన్ని కప్పేలా ఇనుప రేకు పడగలా వంగి ఉంటుంది. పాప అద్దానికి పిడికిలి ఆనించి కొలుచుకుంది. మన నిజామాబాద్ వైపు కోనసముద్రంలో కాచిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు అంతదూరం నుంచి వచ్చేవారని చెప్తే తమ్ముడు నమ్మలేదు. రైల్లో ఫోన్లో వెతికి చూసుకుని, "నిజమేనక్కా" అన్నాడు.

కోచ్ నెలకి రెండు ఆదివారాలు చాలు, మిగతా రోజులు ఇంట్లో అడుగులు వేయించండి అంది. గూడూరు దాటేలోపే వచ్చే నెలకి మూడు టిక్కెట్లు చేసేశాను.