రెండో తూటా దగ్గర మొరాయించే పాత పంప్ షాట్‌గన్: పదకొండేళ్ల అనుభవం

టెక్సస్‌లో మాకు సిటిజన్‌షిప్ వచ్చిన ఏడాది ఈ 12 గేజ్ పంప్ షాట్‌గన్ కొన్నాను. సెకండ్ హ్యాండ్, నాకంటే వయసులో పెద్దది. ఏ కంపెనీదో చెప్పను, నేను పడ్డ తిప్పల్లో దాన్ని చేసినవాళ్ల తప్పేమీ లేదు. ఊళ్లో మా తాతగారికి లైసెన్సు డబుల్ బ్యారెల్ ఉండేది. ఎన్నికలొస్తే స్టేషన్లో అప్పగించి రసీదు తెచ్చుకునేవారు. అందులో ఇరుక్కోవడానికి ఏముంది, మడతపెట్టి రెండు తూటాలు పెట్టి మూసేయడమే. పంప్ తుపాకీ అలా కాదు. బ్యారెల్ కింద ఉండే ముందు చెక్కని వెనక్కి లాగి ముందుకు తోస్తే, బ్యారెల్ కిందే ఉన్న గొట్టంలోంచి తర్వాతి తూటా చాంబర్లోకి, అంటే పేలే చోటికి, వస్తుంది.

రెండేళ్లు క్లే టార్గెట్లు (గాల్లోకి ఎగరేసే మట్టి బిళ్లలు) హాయిగా కొట్టాను. మూడో ఏడు మొదలైంది జబ్బు. మొదటి తూటా పేలుతుంది. ముందు చెక్క వెనక్కి లాగి తోసి ట్రిగ్గర్ నొక్కితే 'టిక్' అంటుంది, అంతే. రెండో తూటా గొట్టంలోనే కూర్చుని ఉంటుంది.

షూటింగ్ రేంజ్‌లో ఒక పెద్దాయన చూసి, "నువ్వు సగమే లాగుతున్నావు" అన్నాడు. నిజమే. తుపాకీ పాతది కదా అని సుతారంగా లాగేవాణ్ణి. చివరిదాకా దబ్బున లాగితేగాని లోపలి పట్టీ తూటాను వదలదు. అలా లాగడం మొదలుపెట్టాక కొంత తగ్గింది కానీ పోలేదు.

తర్వాత నేను చేసిన తెలివితక్కువ పని ఆయిల్ స్ప్రే. వారం రోజులు వెన్నలా నడిచింది. ఆ తర్వాత ఆయిల్లో మసి కలిసి జిగురైపోయి మునుపటికన్నా అధ్వాన్నమైంది.

చివరికి తూటాల గొట్టం విప్పాను. విప్పేముందు బోల్ట్ (చాంబర్‌ని వెనకనుంచి మూసే భాగం) వెనక్కి లాగి చాంబర్లోనూ, గొట్టంలోనూ వేలు పెట్టి చూసుకోవాలి, తూటాల పెట్టె వేరే గదిలో ఉండాలి. మూత తీసేటప్పుడు బొటనవేలు అడ్డం పెట్టకపోతే స్ప్రింగ్ సోఫా వెనక్కి ఎగురుతుంది, మాది ఎగిరింది. దానితోపాటు ఒక కర్ర ముక్క కూడా బయటికొచ్చింది. వలస పక్షుల వేటలో తుపాకీలో మొత్తం మూడు తూటాలకి మించి పట్టకూడదని ఇక్కడి ఫెడరల్ రూలు. అందుకని గొట్టంలో జాగా తగ్గించడానికి ఎవరో పెట్టిన కర్ర అది. తేమకి ఉబ్బి స్ప్రింగ్‌ని ఒరుసుకుంటోంది. స్ప్రింగేమో తుప్పు పట్టి, కొత్తదాని పక్కన పెడితే నాలుగు వేళ్లు పొట్టిగా ఉంది. తూటాను వెనక్కి నెట్టాల్సిన స్ప్రింగ్‌కి ఆ బలమే లేదు. ఇన్నాళ్లూ నేనేమో బోల్ట్‌ని అనుమానిస్తున్నాను!

కొత్త స్ప్రింగ్, కర్ర బదులు ప్లాస్టిక్ ప్లగ్, గొట్టం లోపల సాల్వెంట్ గుడ్డతో తోమి పొడిగా తుడవడం. ఇంతే వైద్యం. డమ్మీ తూటాలతో యాభైసార్లు ఆడించి చూశాకే రేంజ్‌కి పట్టుకెళ్లాను.

అయినా ఎప్పుడో ఒకసారి రెండు తూటాలు కలిసి వచ్చి లిఫ్టర్ (తూటాను పైకెత్తే పలక) దగ్గర ఇరుక్కునేవి. ఇది వేరే రోగం. గొట్టం మూతి దగ్గర రెండు పట్టీలుంటాయి, ఒకటి తూటాను వదిలితే రెండోది వెనకదాన్ని ఆపాలి. ఆ ఆపే పట్టీ అరిగి వదులైంది. దాని జోలికి మాత్రం నేను పోలేదు. పంచ్‌తో కొట్టి బిగించే పని అది, దెబ్బ ఎక్కువైతే పట్టీ బిగుసుకుపోతుంది, తక్కువైతే మళ్లీ ఊడుతుంది. తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్ కొత్తది వేసి ఇచ్చాడు. స్ప్రింగ్‌కి అయిన ఖర్చుకి అయిదింతలు తీసుకున్నాడు, ఇచ్చినందుకు బాధ లేదు.

అది జరిగి ఏడేళ్లు. తూటా అందకపోవడం మళ్లీ రాలేదు. చవక తూటాల ఖాళీ డొప్పలు ఇప్పటికీ అప్పుడప్పుడు చాంబర్లో పట్టేస్తాయి, అందుకే రేంజ్‌కి కూడా మంచివే కొంటున్నాను. బరువు మాత్రం బరువే, మధ్యాహ్నానికి భుజం లాగేస్తుంది. మా అబ్బాయి తేలికపాటి సెమీ ఆటోమేటిక్ కొనుక్కోమంటాడు. సెప్టెంబర్ 1న పావురాల వేట మొదలవుతుంది, ఈసారీ దీన్నే తీసుకెళ్తున్నాను.