మదీనా, చిక్‌పేట: చీరల సరుకు ఎక్కడ ఏది కొంటానంటే

మహబూబ్‌నగర్‌లో ఇంట్లోనే చీరలు అమ్మబట్టి ఆరేళ్లయింది. మొదటి నాలుగేళ్లు సరుకంతా హైదరాబాద్ మదీనా నుంచే తెచ్చాను. రెండేళ్లుగా బెంగళూరు చిక్‌పేటకు కూడా వెళ్తున్నాను. రెండూ పాత ఊరి నడుమ ఉన్న బజార్లే. రెండు చోట్లా ఇరుకు సందులు, నిటారు మెట్లు, పైన గోడౌన్లు. కొనే తీరు మాత్రం పూర్తిగా వేరు.

మదీనా మాకు వంద కిలోమీటర్లు. పొద్దున బస్సెక్కి ఎంజీబీఎస్ బస్టాండ్‌లో దిగి, నయాపూల్ వంతెన దాటి నడిచే వెళ్తాను. అక్కడి నుంచి చార్మినార్ వైపు పత్తర్‌గట్టి రాతి కమాన్ల కింద వరుసగా దుకాణాలే. సాయంత్రానికి మూటతో ఇంట్లో ఉంటాను. రోజూ కట్టుకునే సింథటిక్, జార్జెట్ చీరలకు, పెళ్లిళ్లలో బంధువులకు పెట్టే చీరలకు నేనింకో చోటికి పోను. ఇబ్బందల్లా సెట్ మొత్తం తీసుకోవాల్సి రావడమే. ఆరు రంగుల్లో నాలుగు వారంలో అమ్ముడవుతాయి, మిగిలిన రెండూ బీరువాలో ఉండిపోతాయి. పోయిన దసరాకు ఒక దుకాణంలో తెచ్చిన సెట్‌లో ఒక చీర కొంగు దగ్గర చిరిగి ఉంది. తిరిగి పట్టుకెళ్తే, "ఇక్కడే చూసుకోవాలి కదమ్మా" అన్నారు. చాలా బాధేసింది. అప్పటి నుంచి వాళ్లు విసుక్కున్నా సరే, ప్రతి మడతా విప్పించి చూస్తున్నాను.

చిక్‌పేటకు రాత్రి రైలెక్కుతాను. తెల్లారి బెంగళూరు స్టేషన్‌లో దిగితే, పక్కనే ఉన్న మెజెస్టిక్ నుంచి మెట్రోలో తర్వాతి స్టేషనే చిక్‌పేట. నేను వెళ్లే దుకాణాల్లో తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద కూర్చోబెట్టి, ఒక్కో పట్టుచీర ఒళ్లో వేసి చూపిస్తారు. సెట్ అనరు, ఒక్క చీరైనా ఇస్తారు. తెలుగులో బేరమాడొచ్చు. చిన్న పెట్టుబడి ఉన్న నాలాంటి వాళ్లకు ఇది చాలా పెద్ద సాయం.

కానీ పట్టు కొనేటప్పుడు కళ్లు తెరిచి ఉండాలి. అసలు పట్టని చూపే సిల్క్ మార్క్ ట్యాగ్ అడగండి. అనుమానం ఉంటే అంచు దగ్గరి పోగు ఒకటి లాగి కాల్చి చూడండి. పట్టయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి బూడిద పొడిపొడిగా రాలుతుంది, పాలిస్టర్ అయితే కరిగి గట్టి పూసవుతుంది. "మైసూర్ సిల్క్" అని ఎవరైనా చూపిస్తే, అసలైనది కర్ణాటక ప్రభుత్వ సంస్థ కేఎస్ఐసీ నేయించేదని గుర్తుపెట్టుకోండి. మామూలు దుకాణంలో దొరికే క్రేప్ చీరకు మైసూర్ సిల్క్ ధర పెట్టొద్దు.

ఒకసారి చిక్‌పేటలోనే నాకు గద్వాల చీర అని చూపించారు. మా వైపు చీర నాకు తెలియదా! తిప్పి చూశాను. నూలు ఒంటినీ పట్టంచునూ నేతలోనే పోగులు పెనవేసి కలిపే అతుకు లేదు, అంతా ఒకే మరనేత. మాట్లాడకుండా మడిచి ఇచ్చేశాను. గద్వాల, నారాయణపేట చీరలు మాత్రం ఏ నగరంలోనూ కొనను, నేరుగా నేసేవాళ్ల దగ్గరికే వెళ్తాను.

బెంగళూరుకు రానుపోను చార్జీలు, తిండి కలిపి నాకు పదిహేను వందలు దాటుతుంది. అందుకే పది పట్టుచీరలకైనా ఆర్డర్ ఉంటేనే బయల్దేరతాను. ఈ శ్రావణానికి ఇప్పటికే పన్నెండు చెప్పారు, టికెట్ తీసేశాను.