పేరున్నవాళ్ల పిల్లలు స్టేజీ ఎక్కడం: అమ్మానాన్నల షోలోనా, విడిగానా? ఏది మేలు?

బెజవాడలో ఈ చర్చ వస్తే ముందుగా వినపడే పేరు మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారిది. ఎనిమిదేళ్లకే ఇక్కడి త్యాగరాజ ఆరాధనలో పూర్తి కచేరీ చేశారు. హరికథకులు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్ ముచ్చటపడి పేరు ముందు ‘బాల’ చేర్చారు. ఆ వెంటనే ఇంకెవరో గుడివాడను గుర్తు చేస్తారు. 1978లో మాండలిన్ శ్రీనివాస్ తొలి కచేరీ అక్కడే, అదీ త్యాగరాజ ఆరాధనలోనే. అప్పటికి ఆయనకి తొమ్మిదేళ్లు. ‘వాళ్లు ఎక్కలేదా మరి?’ అన్నది వాదన.

ఎక్కారు. అయితే ఆ ఇద్దరి తండ్రులూ సంగీతం తెలిసినవాళ్లే అయినా, ఆ పూట కచేరీ మాత్రం పిల్లవాడిది. తండ్రి కార్యక్రమం మధ్యలో చేయి పట్టుకుని తీసుకొచ్చి, నాలుగు లైన్లు పాడించి, చప్పట్లు కొట్టించి పంపేసిన వ్యవహారం కాదు. గురువు దగ్గర సాధన చేసి, ఆ పాఠాన్ని తెలిసిన శ్రోతల ముందు అప్పజెప్పడం అది. ఇప్పుడు సినిమా తారలు, గాయకులు, యాంకర్లు తమ పిల్లల్ని స్టేజీ ఎక్కించే తీరుకీ దీనికీ పోలిక పెట్టేముందు ఈ తేడా చూసుకోవాలి.

ఇప్పుడు నడుస్తున్న పద్ధతులు మూడు. షో మధ్యలో ‘మీకో సర్‌ప్రైజ్’ అంటూ పిల్లని పైకి పిలవడం ఒకటి. ముందుగా రిహార్సల్ చేసిన ఒక పాటో డాన్సో తల్లితోనో తండ్రితోనో కలిసి చేయడం రెండోది. పిల్లకి విడిగా చిన్న వేదిక దొరికితే, పేరున్న అమ్మానాన్నలు కింద ప్రేక్షకుల్లో కూర్చోవడం మూడోది. ఇంట్లో రికార్డు చేసిన వీడియోని ఎల్‌ఈడీ తెర మీద వేయడం కూడా ఉందిగానీ, దానివల్ల పిల్లకి వచ్చేదీ లేదు, పోయేదీ పెద్దగా లేదు.

సర్‌ప్రైజ్ ఎందుకు వద్దు

ఆరేళ్లలోపు పిల్లల విషయంలో దీన్ని పూర్తిగా పక్కన పెట్టేయాలి. కారణాలు వేదిక మీదే ఉంటాయి.

మున్సిపల్ స్టేడియంలోనో, పెద్ద కన్వెన్షన్ హాల్లోనో వేసే స్టేజీ నాలుగైదు అడుగుల ఎత్తు ఉంటుంది. అంచున రెయిలింగు ఉండదు. మనిషి వెంటే తిరిగే ఫాలో లైటు ఎదురుగా కళ్లలో కొడుతుంటే పెద్దవాళ్లకే అంచు కనపడదు. దానికి తోడు ‘ఎంట్రీ’ కోసం నేల మీద పొగ వదులుతారు. డ్రై ఐస్ అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్, ఆ పొగలో ఆ వాయువే ఉంటుంది. గాలికన్నా బరువు కాబట్టి నేలనంటుకుని పాకుతుంది. ఆరడుగుల నాన్నకి అది తొడల దాకా వచ్చే అందం. మూడడుగుల పిల్లకి మూతి దాకా వచ్చే గాలి. అడుగు ఎక్కడ పడుతోందో కూడా తెలియదు. నిప్పురవ్వలు చిమ్మే కోల్డ్ స్పార్క్ యంత్రాలు కూడా పేరుకే చల్లన. అందులో మండేది లోహపు పొడి, పెట్టె మూతి దగ్గర వేడి వేడే. చూడగానే చేయి పెట్టబోయేది పిల్లలే. పేపర్ ముక్కలు పేల్చాక నున్నటి ఫ్లోరింగు మీద కాలు జారుతుంది.

తర్వాత చప్పుడు. 85 డెసిబెల్స్ దగ్గర పెద్దవాళ్ల చెవి రోజుకి 8 గంటలు తట్టుకుంటుందని లెక్క. ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. అలా 100 దగ్గరికి వచ్చేసరికి మిగిలేది 15 నిమిషాలే. సైడు స్పీకర్ల ముందు, డ్రమ్స్ పక్కన ఆ స్థాయి మామూలే. పిల్లల చెవులకి పెట్టే హద్దు ఇంకా తక్కువ: వారానికి 40 గంటల లెక్కన ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకి 80 చెబితే పిల్లలకి 75 చెప్పింది. సర్‌ప్రైజ్ అంటే పిల్ల గంటసేపు వింగ్‌లో, అంటే స్టేజీ పక్క తెర చాటున, సరిగ్గా ఆ స్పీకర్ల వెనకాల కాచుకుని ఉండాలి. స్టేజీ మీద ఉండే రెండు నిమిషాలకన్నా ఈ గంటే చెవికి ప్రమాదం. చెవుల మీద పెట్టే మఫ్‌లు పిల్లల సైజులో దొరుకుతాయి. పిల్ల ఎక్కకపోయినా, వింగ్‌లో నిలబడినా అవి ఉండాల్సిందే.

ఇవన్నీ సర్దుకున్నా మిగిలేది ఇంకొకటి ఉంది. పిల్లకి అక్కడ చేయాల్సిన పని ఏమీ లేదు. పని లేని పిల్ల జనాన్ని చూస్తుంది. వేలమంది ఒక్కసారి అరిస్తే ఏడుస్తుంది, లేదంటే మైకు పట్టుకుని వదలదు. రెండూ ఫోన్లలో రికార్డవుతాయి, రాత్రికి రాత్రి కామెంట్లు పడతాయి. అక్షరాలు వచ్చాక ఆ కామెంట్లు చదవాల్సింది ఆ పిల్లే.

కలిసి చేస్తే

దీన్ని కొట్టిపారేయకూడదు. 1885లో మొదలైన సురభి నాటక కుటుంబాల్లో పిల్లలు అమ్మానాన్నల పక్కనే స్టేజీ మీద పెరిగారు. కూచిపూడి అగ్రహారంలో తండ్రి నట్టువాంగం (తాళాలతో ఆటని నడిపించడం) పట్టుకుంటే కొడుకు ఆడటం కొత్తేమీ కాదు. అక్కడ పని చేసిన కిటుకు ఒకటుంది. పిల్లాడికి ఒక పాత్ర ఉంది. ప్రహ్లాదుడో, లవుడో, కుశుడో. ఎప్పుడు రావాలో, ఏం చెప్పాలో, ఎటు వెళ్లిపోవాలో తెలుసు. జనం చూసేది ప్రహ్లాదుణ్ణి, ఫలానావారి అబ్బాయిని కాదు.

పేరున్నవాళ్ల షోలో ఇదే తిరగబడుతుంది. కాబట్టి కలిసి చేసేట్టయితే పిల్ల వయసు ఎనిమిది దాటాక, ఒకే ఐటమ్, నాలుగు నిమిషాలకి మించకుండా, అదే స్టేజీ మీద కనీసం రెండుసార్లు రిహార్సల్ అయ్యాక మేలు. రెండిట్లో ఒకటి లైట్లతో, కాస్ట్యూమ్‌తో జరగాలి. ఇంటి హాల్లో బాగా వచ్చింది కదా అనుకుంటే స్టేజీ మీద అడుగుల లెక్క తప్పుతుంది. అక్కడ వెడల్పు రెట్టింపు.

పాట అయితే ముందు తేల్చుకోవాల్సింది శ్రుతి, అంటే పాటకి ఆధారంగా పెట్టుకునే స్వరం ఎత్తు. దాన్ని అంకెల్లో చెబుతారు, అంకె పెరిగేకొద్దీ ఎత్తు పెరుగుతుంది. దీన్ని మరిచిపోయి పరువు పోగొట్టుకున్న డ్యూయెట్లే ఎక్కువ. మగ గొంతు సాధారణంగా ఒకటి, ఒకటిన్నర శ్రుతిలో ఉంటుంది. పిల్లల గొంతుకి ఐదు నుంచి ఆరు హాయి. నాన్న తన ఒకటి శ్రుతిలోనే మొదలుపెడితే పిల్ల దాన్ని పై స్థాయిలో అందుకోవాలి. పల్లవి బాగానే గడుస్తుంది. చరణంలో తారస్థాయి పంచమం, అంటే పై స్థాయిలోని ‘ప’ వచ్చేసరికి పాట కేక అవుతుంది. దానికి దారి, పరిధి చిన్నగా ఉండే పాట ఎంచుకుని తండ్రి మధ్యమ శ్రుతికి, అంటే ఒకటి బదులు నాలుగుకి వెళ్లడం. లేదంటే పల్లవి పిల్లకి, చరణాలు తండ్రికి పంచుకోవడం. తల్లి గాయని అయితే ఈ బాధ చాలావరకు లేదు, ఆడవాళ్ల శ్రుతి ఐదు, ఐదున్నరే కదా. ముందే రికార్డు చేసిన వాయిద్యాల ట్రాక్ మీద పాడేవాళ్లు మాత్రం వారం ముందే శ్రుతి మార్చిన ట్రాక్ చేయించుకోవాలి. స్టేజీ మీద అప్పటికప్పుడు ఎక్కువగా దించితే వాయిద్యాలన్నీ సాగదీసినట్టు వినపడతాయి.

మైకు సంగతి. పిల్లలు చేతి మైకుని రెండో లైనుకల్లా ఛాతీ దగ్గరికి దించేస్తారు. గొంతు వినపడక సౌండ్ ఆయన వాల్యూమ్ పెంచుతాడు. పాడేవాళ్లకి వినపడటానికి నేల మీద పెట్టిన మానిటర్ స్పీకరు వైపు మైకు మూతి తిరుగుతుంది, హాలంతా కీచుమంటుంది, పిల్ల బెదిరి ఆగిపోతుంది. తప్పు ఎవరిదీ కాదు, అమరికది. పిల్ల ఎత్తుకి దించిన స్టాండు పెట్టండి, డాన్స్ కూడా ఉంటే చెంపకి అతికించే మైకు వాడండి. నాన్న చెవిలో పెట్టుకునే ఇన్-ఇయర్ మానిటర్ పిల్ల చెవిలో కూర్చోదు, దూదితో బిగించే ప్రయత్నం చేయవద్దు. పిల్ల ముందు ఒక చిన్న మానిటర్ తక్కువ సౌండుతో పెట్టి, అందులో తన గొంతు, శ్రుతి మాత్రమే వినిపిస్తే చాలు.

ఈ పద్ధతిలో అసలు లోటు వేరే ఉంది. మామూలుగా పిల్ల మొహం చూసి ‘దీనికి భయం వేస్తోంది’ అని కనిపెట్టేది తల్లో తండ్రో. ఆ మనిషే ఇప్పుడు జనం వైపు తిరిగి పాడుతున్నారు. అందుకే పిల్లకోసమే ఒక మనిషి, పిన్నో బాబాయో, అమ్మమ్మో, డాన్స్ మాస్టారో, వింగ్‌లో పిల్లకి కనపడేచోట నిలబడాలి. వాళ్లకి వేరే ఏ పనీ అప్పగించకూడదు, వీడియో తీయడం కూడా. చెవి పట్టుకుంటే ‘నన్ను తీసుకెళ్లు’ అని గుర్తు పెట్టుకుంటే చాలు.

సినిమాతో పోల్చి ‘మహేష్ బాబు నాలుగేళ్లకే నటించలేదా’ అనేవాళ్లున్నారు. తెనాలి పక్క బుర్రిపాలెం కృష్ణ గారి ఇంటి కథ కాబట్టి గుంటూరు వైపు ఈ మాట ఎక్కువ వినపడుతుంది. 1979 నుంచి 1990 దాకా ఆయన బాలనటుడు, నిజమే. కెమెరా ముందు కట్ ఉంది, రెండో టేకు ఉంది, బాగా రాని రీలు ఎవరికీ కనపడదు. స్టేజీకి ఆ సదుపాయం లేదు. పైగా 1990 తర్వాత చదువు కోసం ఆపేసి, 1999లో గానీ హీరోగా రాలేదన్న సగం మాట ఈ వాదనలో ఎప్పుడూ వినపడదు.

కాగితాల పని

‘మా పిల్ల, మా షో, మాకు అనుమతులేంటి’ అనుకోవడం పొరపాటు. 14 ఏళ్లలోపు పిల్లలు కళాకారులుగా పాల్గొనడానికి బాలకార్మిక చట్టం 2016 సవరణ దారి ఇచ్చింది, షరతులతో. వాటిని 2017లో నిబంధనల్లో చేర్చారు. వాణిజ్య కార్యక్రమమైతే నిర్వాహకుడు ఆ జిల్లా కలెక్టరు దగ్గర అనుమతి తీసుకోవాలి. పిల్లల జాబితా, తల్లిదండ్రుల సమ్మతి, భద్రతకి బాధ్యుడి పేరు, ఫారం-సి హామీపత్రం ముందే ఇవ్వాలి. రోజుకి 5 గంటలు మించకూడదు, విరామం లేకుండా 3 గంటలు మించకూడదు. రిహార్సల్‌ని కూడా ఈ లెక్కలోనే వేసుకోవడం మంచిది. ఐదుగురు పిల్లలకి ఒక బాధ్యుడు ఉండాలి. పిల్లకి ఇష్టం లేకపోతే చేయించకూడదు.

విజయవాడ నగరంలో షో అయితే ఎన్టీఆర్ జిల్లా కలెక్టరు. వారధి దాటి తాడేపల్లి, మంగళగిరి వైపు హాలు తీసుకుంటే గుంటూరు జిల్లా. పోస్టరు మీద ‘విజయవాడ’ అని వేసుకుని దరఖాస్తు తప్పు ఆఫీసులో ఇచ్చి చివరి రోజు తిరిగేది ఇక్కడే.

పిల్ల సంపాదనలో కనీసం 20 శాతం, జాతీయం చేసిన బ్యాంకులో పిల్ల పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. నిర్వాహకులు కుటుంబం మొత్తానికి ఒకే అంకె మాట్లాడుకుంటారు, అందుకని పిల్ల వాటా ఎంతో తేలదు. ఒప్పందంలో పిల్ల పారితోషికం విడిగా ఒక లైనులో రాయించండి. ఏమీ తీసుకోకపోతే సున్నా అని రాయించండి.

విడిగా, చిన్న వేదిక మీద

మూడింట్లో మా మొగ్గు దీనికే, అదీ మొదటి మెట్టుగా. బెజవాడ, గుంటూరు పిల్లలకి ఈ విషయంలో అదృష్టం ఉంది. త్యాగరాజ ఆరాధనలో అందరూ కలిసి పాడే గోష్ఠిగానం ఉంది, ఇంద్రకీలాద్రి మీద దసరా సాంస్కృతిక కార్యక్రమాలున్నాయి, తుమ్మలపల్లి వారి కళాక్షేత్రంలో డాన్స్ స్కూళ్ల వార్షికోత్సవాలు జరుగుతుంటాయి. నంది నాటకోత్సవాల్లో బాలల నాటికలకి విడిగా విభాగమే ఉంది. గోష్ఠిగానంలో నలభైమంది మధ్య కూర్చున్న పిల్లని ఎవరూ ప్రత్యేకంగా చూడరు. ఒక చరణం మరిచిపోతే పక్కవాళ్లు అందుకుంటారు. పేరున్న ఇంటి పిల్లకి ఇలా మరుగున కూర్చునే అవకాశం ఇంకెక్కడా దొరకదు.

చిక్కు ఏమిటంటే అమ్మానాన్నలు వస్తారు. తార వచ్చి ముందు వరసలో కూర్చోగానే ఫోన్లన్నీ వెనక్కి తిరుగుతాయి, మిగతా పిల్లల ఐటమ్‌లు ఎవరూ చూడరు. లైట్లు ఆర్పాక వచ్చి వెనక వరసలో కూర్చోవడం, పిల్ల ఐటమ్ అయ్యాక సెల్ఫీలకి ఆగకుండా వెళ్లడం నేర్చుకోవాలి. నిర్వాహకులు దండలు, శాలువాలతో వెంటపడతారు. ఆ ఒక్క పూటా వద్దని ముందే చెప్పి ఉంచాలి.

సమయం గురించి కూడా. మన సభల్లో 7 గంటల ఐటమ్ 7కి మొదలవడం అరుదు. జ్యోతి ప్రజ్వలన, అతిథి ప్రసంగాలు, సన్మానాలు అయ్యేసరికి తొమ్మిదవుతుంది. రాత్రి 10 తర్వాత ఆరుబయట లౌడ్‌స్పీకర్లకి నిషేధం కాబట్టి అప్పుడు అందరినీ తొందరపెడతారు. ఆ తొందరలో స్టేజీ ఎక్కేది నిద్ర ముంచుకొస్తున్న పిల్లలే. పిల్లల ఐటమ్ జ్యోతి వెలిగించిన వెంటనే, ప్రసంగాలకి ముందు పెట్టించుకోండి. రెండు గంటల ముందు ఇడ్లీయో పెరుగన్నమో పెట్టండి. కూచిపూడి ఆహార్యం కట్టడానికి ముందే బాత్రూమ్‌కి పంపండి, కట్టాక విప్పి మళ్లీ కట్టే వీలుండదు. ఏప్రిల్, మే నెలల్లో ఆరుబయట వేదికలు అసలు ఒప్పుకోవద్దు.

ఇలా రెండు మూడేళ్లు చిన్న వేదికలు చూసిన పిల్ల, తనంతట తాను ‘నాన్నతో కలిసి చేస్తా’ అంటే అప్పుడు రెండో పద్ధతికి వెళ్లొచ్చు. అప్పుడు కూడా పోస్టరు మీద పిల్ల ఫొటో వేయనివ్వవద్దు. టికెట్లు ఆ ఫొటో చూసి అమ్ముడుపోయాక, జ్వరం వచ్చినా మానేయడానికి నిర్వాహకుడు ఒప్పుకోడు. యాంకర్ చేతిలో కార్డు మీద పిల్ల పేరు ఆఖరి ఐదు నిమిషాల్లో చేరాలి. వింగ్‌లో నిలబడి ‘నేను వెళ్లను’ అంటే ఇంకో మాట లేకుండా ఇంటికి పంపేయాలి. ఆ నాలుగు నిమిషాలు నింపడానికి కీబోర్డు, తబలా వాళ్ల దగ్గర ఒక వాయిద్యం బిట్ సిద్ధంగా ఉండాలి.