మూడు హోటళ్లు, ఐదు గదులు

తొమ్మిది రోజుల ప్రయాణం, అమ్మా నేనూ. మూడు ఊళ్లలో దిగాం, ఐదు గదుల్లో ఉన్నాం. రెండు చోట్ల గది మార్పించుకోవాల్సి వచ్చింది. మూడో చోట ఆ అవసరం రాలేదు. ఎందుకు రాలేదో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మొదటిది ఊరి నడిబొడ్డున ఉన్న హోటల్, ఆఫీసు పనుల మీద వచ్చేవాళ్లు ఎక్కువగా దిగేది. రాత్రంతా ప్రయాణం చేసి పొద్దున పదకొండు గంటలకల్లా చేరుకున్నాం. గది ఇచ్చేది మధ్యాహ్నం రెండింటికి. "ఇప్పటికిప్పుడు సిద్ధంగా ఉన్నది ఒక్కటే మేడం, కావాలంటే ఇచ్చేస్తాను" అంది రిసెప్షన్‌లో అమ్మాయి. అలసిపోయి ఉన్నాం. ఇంకేం ఆలోచించకుండా తీసేసుకున్నాను.

పగలు ఏమీ తెలియలేదు. రాత్రి పదింటికి మొదలైంది. గోడకు అవతలే లిఫ్ట్. ఎవరు ఎక్కినా దిగినా 'టింగ్'మని గంట, వెంటనే తలుపులు జరిగే చప్పుడు. దానికి తోడు మా గదికీ పక్క గదికీ మధ్య ఒక తలుపుంది. కుటుంబాలు పక్కపక్క గదులు తీసుకుంటే తెరిచి ఇచ్చేది. తాళం వేసే ఉంది కానీ కింద వేలెడు సందు. ఆ సందులోంచి పక్కగది లైటు మా నేల మీద గీతలా పడుతోంది, అందులో దిగినాయన ఫోన్‌లో మాట్లాడే ప్రతి మాటా వినిపిస్తోంది. టవల్ మడిచి సందులో కుక్కాను. వెలుగు ఆగింది, మాటలు ఆగలేదు. నాలుగింటికి మెలకువ వచ్చి చూస్తే అమ్మ దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. "నిద్ర పట్టలేదా?" అన్నాను. "పట్టిందిలే, నువ్వు పడుకో" అంది. పట్టలేదని నాకు తెలుసు.

పొద్దున్నే వెళ్లి మేనేజర్‌తో మాట్లాడాను. ఆయన మర్యాదస్తుడు, ఓపిగ్గా విన్నాడు. అసలు సంగతి ఆయన మాటల్లోనే అర్థమైంది. పొద్దున పదకొండింటికల్లా, ముందు రోజు దిగినవాళ్లు చాలామంది ఇంకా ఖాళీ చేయరు. ఖాళీ అయినవాటిని శుభ్రం చేస్తూ ఉంటారు. అప్పటికే సిద్ధంగా ఉందంటే అది రాత్రి ఎవరికీ ఇవ్వకుండా మిగిలిపోయిన గది. లిఫ్ట్ పక్క గదిని వాళ్లూ చివరికే ఇస్తారు కాబట్టి మిగిలింది, మాకు దక్కింది. సామాను అక్కడ పెట్టి మూడు గంటలు అలా తిరిగి వచ్చి ఉంటే పది గదుల్లో ఒకటి ఎంచుకునేవాళ్లం. అదే రకం గది, అదే అద్దె. ఆ రోజు వరండా చివరి గదికి మారాం. అమ్మ మధ్యాహ్నమే రెండు గంటలు హాయిగా పడుకుంది.

మనం బుక్ చేసుకునేది ఒక గదిని కాదు, ఒక రకాన్ని. చాలా హోటళ్లలో ఏ నంబరు ఎవరికన్నది ముందు రోజు సాయంత్రమో, వచ్చే రోజు పొద్దునో, ఆ రోజు వచ్చేవాళ్ల జాబితా ముందేసుకుని రాస్తారు. చెప్పుకోవాల్సింది ఏదైనా ఉంటే ఆ జాబితా రాసేలోపు వాళ్ల చెవిన పడాలి. కౌంటర్ దగ్గర నిలబడ్డాక అడిగితే, అప్పటికే ఇంకొకరికి రాసిపెట్టిన గదిని మార్చమని అడిగినట్టు అవుతుంది.

రెండో హోటల్ సముద్రం ఒడ్డున. ఒక బుకింగ్ సైట్‌లో 'సీ వ్యూ' అని చూసి తీసుకున్నాను. బాల్కనీలో ఎడమ మూలకు వెళ్లి, రెయిలింగ్ పట్టుకుని మెడ చాపితే రెండు భవనాల మధ్య అరచేతి వెడల్పున నీలం కనిపించింది. అబద్ధం చెప్పారని అనలేను. 'సీ వ్యూ' అంటే సముద్రం ఏదో ఒక వైపు కనబడుతుందని, 'సీ ఫ్రంట్' అంటే గది సముద్రానికి ఎదురుగా ఉందని వాళ్ల లెక్క. ఫోన్ చేసి "కిటికీ ఎటు తిరిగి ఉంటుంది?" అని ఒక్క మాట అడిగి ఉండాల్సింది. 'డీలక్స్', 'సుపీరియర్' పేర్లూ ఇలాంటివే. వీటికి అన్ని హోటళ్లకూ కలిపి ఒక కొలత అంటూ లేదు. కొన్ని చోట్ల అన్నిటికంటే చిన్న గదికే సుపీరియర్ అని పేరు. నేనిప్పుడు పేరు చూడటం మానేసి గది ఎన్ని చదరపు అడుగులో చూస్తున్నాను.

అయితే ఈసారి ఒక పని సరిగ్గా చేశాను. సామాను గుమ్మం దగ్గరే ఉంచాను. మంచం మీద కూర్చోలేదు, బాత్రూం వాడలేదు. తలుపు మూసి, ఏసీ ఆపి, ఒక నిమిషం కదలకుండా నిలబడి విన్నాం. తర్వాత కర్టెన్ తీసి చూశాం. ఐదు నిమిషాల్లో రిసెప్షన్‌కు ఫోన్ చేశాను. "గది ఏమీ వాడలేదు, మీకు మళ్లీ శుభ్రం చేసే పని ఉండదు, సముద్రం ఎదురుగా ఉన్నది ఏదైనా ఖాళీగా ఉందా?" అని అడిగాను. వాడని గదైతే వెంటనే ఇంకొకరికి ఇచ్చేయొచ్చు. దుప్పటి నలిగితే చాలు, మళ్లీ మనిషిని పంపాలి, సర్దించాలి, తనిఖీ చేయించాలి. అందుకే మొదటి పది నిమిషాల్లో అడిగిన మాటకు ఉన్న బలం గంట తర్వాత ఉండదు.

పై రకం గది రెండు రాత్రులకూ ఖాళీ ఉందని, అద్దె తేడాలో కొంత కడితే ఇస్తామని అన్నారు. కట్టాను. మేం వెళ్లింది వారం మధ్యలో కాబట్టి హోటల్ సగం ఖాళీ. విహారానికి వెళ్లే చోట శని, ఆదివారాల్లో ఇలా దొరకడం కష్టం. ఆఫీసు పనుల వాళ్లు దిగే హోటళ్లలో దీనికి తలకిందులు, అక్కడ ఆదివారం రాత్రి ఖాళీ ఎక్కువ. గది సంగతి ఇలా ఉంటే సేవలు మాత్రం అంతంతే. టవళ్లు అడిగితే గంట పట్టింది. అయినా పొద్దున్నే కళ్లు తెరవగానే ఎదురుగా నీళ్లు కనబడుతుంటే అమ్మ ముఖంలో వెలుగు చూసి, కట్టిన డబ్బు గురించి మళ్లీ ఆలోచించలేదు.

మూడోది కొండ మీద. ఈసారి నేరుగా హోటల్ వాళ్ల దగ్గరే బుక్ చేసి, మూడు రోజుల ముందు మెయిల్ పెట్టాను. 'మంచి గది ఇవ్వండి' అని రాయలేదు. ఎవరికి మంచిదో వాళ్లకెలా తెలుస్తుంది? ఇలా రాశాను: "అమ్మకు మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కలేరు. చిన్న చప్పుడుకే మెలకువ వస్తుంది. లిఫ్ట్‌కు ఆనుకుని వద్దు, అలాగని వరండా చివరిదాకా నడిచే దూరమూ వద్దు. మధ్య తలుపు ఉన్న గది వద్దు. స్నానానికి టబ్ కాకుండా షవర్ ఉండాలి." బయల్దేరిన రోజు పొద్దున ఫోన్ చేసి ఇంకోసారి గుర్తు చేశాను.

వెళ్లేసరికి పేరు చెప్పగానే నంబరు చెప్పారు. తాళం ఇస్తూ రిసెప్షన్ ఆయన "మేడం, పై అంతస్తులో సూట్ ఖాళీగా ఉంది, అదనంగా ఏమీ వద్దు, కావాలంటే అదే ఇస్తాం" అన్నాడు. సూట్ అంటే పడకగదికి తోడు కూర్చునే గది విడిగా ఉండేది. ఒక్క క్షణం ఆశ పుట్టిన మాట నిజం. లోపల మెట్లున్నాయా అని అడిగితే, పడకగది పైన ఉంటుందన్నాడు. బాత్రూంలో టబ్. చేతులు జోడించి, మొదట రాసిన గదే చాలన్నాను.

ఈ ఉచిత అప్‌గ్రేడ్, అంటే అదే అద్దెకు పై రకం గది ఇవ్వడం, దయతోనో, మన నవ్వు చూసో వచ్చేది చాలా అరుదు. తక్కువ రకం గదులు ఉన్నవాటికంటే ఎక్కువ అమ్మితే ఎవరో ఒకరిని పై రకం గదికి జరపాలి. అప్పుడు సాధారణంగా ముందు తమ సభ్యత్వ పథకంలో చేరినవాళ్లను చూస్తారు. ఒక్క రాత్రి ఉండేవాళ్లను జరపడం తేలిక, వారం ఉండేవాళ్లకు వారం రోజులూ పెద్ద గది ఖాళీగా ఉండాలి. మారియట్, హాలిడే ఇన్ లాంటి పెద్ద హోటల్ సంస్థలు 1983లోనే ఈ పథకాలు మొదలుపెట్టాయి. మారియట్‌లో ఇప్పుడు ఏడాదికి 50 రాత్రులు గడిపి ప్లాటినం స్థాయికి చేరితే, ఖాళీని బట్టి కొన్ని రకాల సూట్లు కూడా ఇస్తారు. ఏడాదికో రెండేళ్లకో కదిలే మనలాంటివాళ్లకు అది అందేది కాదు. కానీ ఉత్తి సభ్యత్వానికి డబ్బేమీ కట్టక్కర్లేదు, ఉపయోగం మాత్రం ఉంది. హిల్టన్ హోటళ్ల యాప్‌లో సభ్యులు అంతస్తు పటం చూసి తమ గదిని తామే ఎంచుకునే వీలు 2014లోనే మొదలైంది. లిఫ్ట్ ఎక్కడుందో ఆ పటంలో కళ్లకు కడుతుంది. నా దృష్టిలో సూట్ కంటే ఇదే పెద్ద సౌకర్యం.

హనీమూన్ అనో పుట్టినరోజు అనో అబద్ధం చెప్పమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. నాకది నచ్చదు. అబద్ధానికి ఒక కేకు ముక్క దొరుకుతుందేమో కానీ గది మారదు. 'మోకాళ్ల నొప్పి, తేలిక నిద్ర' అని చెబితే గదులు రాసే మనిషికి ఒక పని అప్పగించినట్టు. తనకు తెలిసిన నూరు గదుల్లో సరిపోయేది వెతుకుతాడు. ఆ కొండ మీద ఆయన సరిగ్గా అదే చేశాడు. అది మా ప్రయాణంలో అన్నిటికంటే చిన్న గది. కిటికీ చెట్ల వైపు. లిఫ్ట్ దిగితే నాలుగో తలుపు. స్నానాల గదిలో పట్టుకోవడానికి గోడకు కడ్డీ ఉంది, అది నేను అడగను కూడా లేదు.

చివరి రోజు ఏడున్నరకు నేను తయారై కూర్చున్నాను. అమ్మ ఇంకా నిద్రపోతోంది. లేపబుద్ధి కాలేదు. చప్పుడు చేయకుండా తలుపు తీసి, పైనున్న నంబరు ఫోన్‌లో రాసుకున్నాను, మళ్లీ ఎప్పుడైనా వస్తే ఇదే అడుగుదామని.