సాసన్ గిర్‌లో ఆ ఆరు వందలు, జంబూర్‌లో ఒక పూట

ద్వారక, సోమనాథ్, గిర్ చూసి వచ్చి పది రోజులైంది. సింహాలు కనిపించాయా అని అందరూ అడుగుతున్నారు. కనిపించాయి, మూడు. ఒకటి మా జిప్సీకి ఇరవై అడుగుల దూరంలో పడుకుని ఆవలించింది కూడా. ఆ సంగతి అంతే. నేను రాద్దామని కూర్చున్నది మేం దిగిన రిసార్టు గురించి, ఆ మర్నాడు వెళ్ళిన, ఆఫ్రికా మూలాలున్న సిద్దీలు ఉండే జంబూర్ ఊరి గురించి.

సికింద్రాబాద్ నుంచి రాజ్‌కోట్‌కు రైలు, అక్కణ్ణుంచి నలుగురికీ కలిపి కారు. ద్వారకలో ఏ ఇబ్బందీ లేదు. సోమనాథ్‌లో గది సముద్రం వైపు దొరికింది, ఇంకో రోజు ఇక్కడే ఉందాం అంది మా వదిన. ఆవిడ మాట వినాల్సింది.

సాసన్ గిర్‌లో రిసార్టుకి గదికి రాత్రికి 3,800 రూపాయలు. రెండు గదులు తీసుకున్నాం. పొద్దున ఎనిమిది దాటితే గానీ వేడినీళ్ళు రాలేదు, అది సర్దుకుపోవచ్చు. కానీ తాళాలు ఇచ్చేటప్పుడు మేనేజరు చల్లగా చెప్పాడు: "రాత్రి భోజనంతో పాటు ఆఫ్రికన్ ట్రైబల్ డాన్స్ ఉంది, మనిషికి 600, అందరికీ కంపల్సరీ." బుక్ చేసుకున్నప్పుడు ఈ మాటే లేదు. నలుగురికి 2,400. నేను వాదనకి దిగబోతే మా ఆయన చెయ్యి పట్టుకుని "ఊరు కాని ఊరు, పోనీలే" అన్నారు.

రాత్రి ఏడున్నరకి మంచినీళ్ళ కోసం వంటగది వెనక్కి వెళ్ళాను. అక్కడ ఓ పదిమంది మగవాళ్ళు కింద కూర్చుని పాత న్యూస్‌పేపర్లు ముట్టించి, ఆ మంట మీద డోలు చర్మాలు కాస్తున్నారు. ఒక పెద్దాయన డోలు మొహాన్ని మంటకి అటూ ఇటూ తిప్పి, వేళ్ళతో మధ్యలో ఓ దెబ్బ, అంచు మీద ఓ దెబ్బ వేసి చెవి దగ్గర పెట్టుకుని విని, మళ్ళీ మంట మీద పెట్టాడు. నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. నేను పుట్టి పెరిగింది హైదరాబాద్ విజయనగర్ కాలనీలో, ఏ.సి. గార్డ్స్ బస్తీ పక్కనే. పెళ్ళి బారాత్ బయలుదేరే ముందు మర్ఫా డప్పులు వాయించేవాళ్ళు రోడ్డు పక్కన ఇలాగే కాగితాలు తగలబెట్టి డఫ్‌లు కాచేవాళ్ళు. ఆ కాలిన కాగితం వాసనా, వేడెక్కిన తోలు వాసనా నలభై ఏళ్ళ తర్వాత గుజరాత్‌లో ఒక వంటగది వెనక ఎదురయ్యాయి.

ఏ.సి. గార్డ్స్‌లో ఏ.సి. అంటే ఆఫ్రికన్ కావల్రీ అని మన హైదరాబాద్ వాళ్ళలోనే చాలామందికి తెలియదు. నిజాం అంగరక్షక గుర్రపు దళం వాళ్ళు. 1948 తర్వాత ఆ కొలువు పోయింది, బస్తీ మిగిలింది. నాతో చదువుకున్న ఆడపిల్లలు ఆ ఇళ్ళ వాళ్ళే. ఉర్దూ మాట్లాడేవాళ్ళు, నాతో తెలుగు. స్కూల్లో వాళ్ళ జుట్టు మీద ఎన్ని మాటలు పడేవో నాకు బాగా గుర్తు.

ఆట మొదలైంది. మైకు పట్టుకున్నవాడు "ఆఫ్రికా అడవుల నుంచి నేరుగా మీ ముందుకి" అన్నాడు. నేరుగా! వీళ్ళ పూర్వీకులను అరబ్బు, పోర్చుగీసు ఓడల్లో బానిసలుగా తెచ్చి ఎన్ని వందల ఏళ్ళయింది? జునాగఢ్ నవాబుల కొలువులో సిపాయిలుగా, నౌకర్లుగా పనిచేసి, ఇక్కడే పిల్లల్ని కని, గుజరాతీ తప్ప ఇంకో భాష ఇంట్లో మాట్లాడని సిద్దీలు వీళ్ళు. నెమలీకల కిరీటాలు పెట్టుకుని ధమాల్ ఆడారు. పెద్ద ముగర్మాన్ డోలు మోగుతుంటే నేల అదిరింది. ఒక కుర్రాడు కొబ్బరికాయ పైకి ఎగరేసి తలతో పగలగొట్టాడు. ధమాల్ వాళ్ళకి పీర్ల ముందు చేసే భక్తి ఆట. ఇక్కడ పనీర్ టిక్కా ప్లేట్ల మధ్య చేయిస్తున్నారు. ఆట అయ్యాక ఒక టూరు బృందం వాళ్ళు ఆ కుర్రాడి జుట్టు పట్టుకుని లాగి చూసి సెల్ఫీలు తీసుకున్నారు. మా చిన్నమ్మాయి తట్టుకోలేక లేచి గదికి వెళ్ళిపోయింది.

నేను ఆ కుర్రాడి దగ్గరికి వెళ్ళి హిందీలో క్షమించమన్నాను. "రోజూ ఉండేదే ఆంటీ. బస్సులో అయితే పాస్‌పోర్టు ఏదీ అంటారు" అన్నాడు. ఎంత ఇస్తారని అడిగాను. పదిమందికి 3,000, బండి ఖర్చు 500 పోతే మనిషికి 250. ఆ రాత్రి నేను లెక్కపెట్టిన అతిథులు నలభై మంది. 600 చొప్పున 24,000. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తెల్లారి, రెండో సఫారీ వద్దు, జంబూర్ వెళ్దాం అన్నాను. మా ఆయన ముఖం మాడ్చుకున్నారు. ఆటో రానూపోనూ, అక్కడ ఆగడంతో కలిపి 700. తాలాలా దగ్గర మామిడితోటల మధ్య ఊరు. కేసర్ మామిడికి పేరున్న ప్రాంతమే అయినా ఆ తోటల్లో సిద్దీలు ఎక్కువగా కూలీలే. ఊళ్ళో నగార్చీ పీర్ దర్గా ఉంది. రాత్రి డోలు కాచిన పెద్దాయన అక్కడే కనిపించి, గుర్తుపట్టి, ఇంటికి తీసుకెళ్ళాడు.

ఆ ఇంట్లో తిన్న భోజనం ఈ యాత్ర మొత్తంలో తిన్న అన్నిటికన్నా బాగుంది. అరచేతులతో తట్టిన మందపాటి సజ్జ రొట్టె, కాల్చిన వంకాయ ఓళో, ఎర్రటి వెల్లుల్లి పచ్చడి, గ్లాసు నిండా మజ్జిగ. ఓళో తింటూ అచ్చం మన వంకాయ బజ్జీ పచ్చడే అంది మా వదిన, రెండో రొట్టె అడిగి మరీ వేయించుకుంది. ఇంటావిడ హీరబాయి లోబీ గురించి చెప్పింది. ఈ ఊరి సిద్దీ ఆవిడే. ఆడవాళ్ళను కూడగట్టి సేంద్రియ ఎరువు తయారు చేయించింది, పిల్లలకు బడి పెట్టించింది, 2023లో పద్మశ్రీ అందుకుంది. ఎంత బతిమాలినా ఇంటావిడ భోజనానికి డబ్బులు తీసుకోలేదు.

అప్పటిదాకా మూతి ముడుచుకున్న మా ఆయన అక్కడ నోరు తెరిచారు. ఆయనది వనపర్తి. వనపర్తి రాజా దగ్గర ఆఫ్రికన్ సిపాయిల దళం ఉండేదనీ, వాళ్ళే తర్వాత నిజాం కొలువుకి వెళ్ళారనీ వాళ్ళ తాత చెప్పిన కబుర్లన్నీ పెద్దాయనకి చెప్పుకొచ్చారు. పెద్దాయన ప్రతి మాటా కొడుకుకి గుజరాతీలో మళ్ళీ చెప్పాడు. హైదరాబాద్‌లో తమవాళ్ళు ఉన్నారని విన్నాడట గానీ, అక్కణ్ణుంచి ఎవరూ వచ్చి చెప్పలేదట.

మీరు గిర్ వెళ్తే నా మాట వినండి. గది బుక్ చేసేటప్పుడే భోజనంతో పాటు డాన్స్ ఛార్జీ ఉందా అని అడిగి, లేదని మెసేజ్‌లో రాయించుకోండి. సఫారీ పర్మిట్ అటవీశాఖ వెబ్‌సైట్‌లో ముందే తీసుకోండి. జూన్ 16 నుంచి అక్టోబర్ 15 దాకా అడవి మూసేస్తారు. ధమాల్ చూడాలనుకుంటే జంబూర్ వెళ్ళి వాళ్ళనే అడగండి, డబ్బు వాళ్ళ చేతికే ఇవ్వండి. అడగకుండా ఫొటో తీయొద్దు, ఎవరి జుట్టూ ముట్టుకోవద్దు.

సాయంత్రం దర్గా ముందు ఎనిమిది మంది అరగంట సేపు వాయించారు. ఆడవాళ్ళు కొబ్బరి చిప్పతో చేసి గుడ్డ చుట్టిన గిలక్కాయలు పట్టుకుని కలిశారు. కిరీటాలు లేవు, మైకు లేదు. రిసార్టులో కట్టినంతే, 2,400 పెద్దాయన చేతిలో పెట్టాను. ఆయన మా ముందే లెక్కపెట్టి మనిషికి 300 పంచాడు. రాత్రి కొబ్బరికాయ పగలగొట్టిన కుర్రాడు తన వాటా జేబులో పెట్టుకుని, ఫోన్‌లో మా నంబరు రాసుకుంటూ అడిగాడు: "ఆంటీ, ఆ హైదరాబాద్ వాళ్ళు డోలు దేంతో కాస్తారు?"

న్యూస్‌పేపరుతోనే అని చెప్పాను.