అరకు కొండల్లో తాత కథలు: ఫోన్లో రికార్డా, నోట్‌బుక్కా?

ఖర్చు: ఫోన్ ఎలాగూ ఉంది. గంట ఆడియో 128 కేబీపీఎస్‌ నాణ్యతలో సుమారు 58 ఎంబీ. నోట్‌బుక్ ఇంకా చవక.

శ్రమ: రికార్డింగ్ అప్పటికి సులువే, తర్వాత విని రాసుకోవడమే పెద్ద పని. నోట్‌బుక్‌లో అయితే చెయ్యి అందుకోదు, తాత ఆగడు.

రిస్క్: ఫోన్ పోతే అన్నీ పోతాయి, రెండోచోట కాపీ పెట్టాల్సిందే. పుస్తకానికి చెమ్మ, చెద.

అసలు తేడా గొంతులో ఉంది. ఇక్కడి గిరిజన భాష కువి, దాని మాటల పలుకు తెలుగు లిపికి పూర్తిగా అందదు. 1922-24 మన్యం తిరుగుబాటు గురించి తన తాత చెప్పింది చెబుతూ ముసలాయన పొయ్యిలో పుల్ల ఎగదోసి కాసేపు ఊరుకుంటాడు చూడండి, ఆ మౌనాన్ని ఎలా రాస్తాం?

కథలూ పాటలూ అయితే రికార్డింగే. వంశక్రమం, పాత ఊళ్ల పేర్లు, లేదా ఫోన్ చూడగానే బిగుసుకుపోయే అవ్వ అయితే నోట్‌బుక్.